పేరుంది... పిల్లాడు లేడు!

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి... మూడూ జిల్లా కేంద్రాలే. మూడింటా సర్కారు బళ్లున్నాయి. సార్లున్నారు. మధ్యాహ్నం వేడన్నం ఉంది. అయినా తొమ్మిదో తరగతికి వచ్చేసరికి వెనక బెంచీలు పలచబడిపోతాయి. ఎందుకని అధికారుల్ని అడిగితే ఒక జవాబు. పిల్లల్ని అడిగితే మరో జవాబు!

2025 ఏప్రిల్ 30. పదో తరగతి ఫలితాలు వెలువడిన రోజు. మహబూబాబాద్ పేరు రాష్ట్రమంతటా మార్మోగింది. 99.29 శాతం ఉత్తీర్ణతతో తెలంగాణలోనే మొదటి స్థానం! ఆ ఏడాది రాష్ట్ర సగటు 92.78. అట్టడుగున నిలిచిన వికారాబాద్‌కు దక్కింది 73.97. జనాభాలో మూడో వంతుకు పైగా గిరిజనులే ఉన్న జిల్లా, తండాలూ గూడేల జిల్లా, పెద్ద పెద్ద జిల్లాలన్నింటినీ దాటుకుని ముందుకు రావడం చిన్న సంగతేం కాదు. పొద్దున్నే బడికొచ్చి దీపాలు పెట్టేవేళ దాకా స్పెషల్ క్లాసులు చెప్పిన ఉపాధ్యాయులకు ఆ ఘనత దక్కాల్సిందే.

కాకపోతే ఆ 99.29 వెనక ఒక చిన్న షరతుంది. అది పరీక్ష రాసినవాళ్ల లెక్క. వాళ్లతో పాటే ఆరో తరగతిలో చేరి, పరీక్ష హాలు దాకా రాకుండానే దారిలో ఆగిపోయినవాళ్లు అందులో ఉండరు. ఆ మాటకొస్తే ఏ జిల్లా ఫలితాల్లోనూ ఉండరు. ఎవరు ఎందుకు ఆగిపోయారో పక్క బెంచీవాడికి మాత్రం తెలుసు.

‘వస్తలేడు’కీ ‘బంద్ పెట్టిండు’కీ మధ్య...

ఈ పట్టణాల్లో తొమ్మిదో తరగతి హాజరు వేళ ఎలా ఉంటుందో తెలుసుగా! సారు నంబర్లు పిలుస్తూ పోతారు. ఒక నంబరు దగ్గర చప్పుడుండదు. మళ్లీ పిలుస్తారు. వెనక నుంచి ఎవరో ఒకరు అందుకుంటారు... ‘వాడు వస్తలేడు సార్, సెంట్రింగు పనికి పోతుండు’ అనో, ‘వాళ్లింటోళ్లు మిర్చి ఏరబోయిండ్రు’ అనో. ఆడపిల్లయితే జవాబు ఇంకా చిన్నగా వస్తుంది. ఒక్కోసారి అసలు రాదు. సారు రిజిస్టర్లో గుర్తు పెట్టి తర్వాతి నంబరుకు వెళ్తారు. మర్నాడూ అంతే. నెలాఖరు దాకా అంతే. పేరు మాత్రం పోదు. టీసీ అడగలేదు, ఇంకో బళ్లో చేరలేదు. ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఏ పిల్లాణ్నీ బడి నుంచి తీసేయకూడదని విద్యాహక్కు చట్టమే చెబుతోంది. తొమ్మిదిలో ఆ రక్షణ లేకపోయినా, చేతులారా పేరు కొట్టేయడం ఏ సారుకు మనసొప్పుతుంది?

పిల్లల మాటల్ని కాస్త గమనించి వింటే ఇక్కడో సూక్ష్మం కనపడుతుంది. వాళ్లు మొదట ‘వస్తలేడు’ అంటారు. చాలాకాలం అదే అంటారు. ‘బడి బంద్ పెట్టిండు’ అనేది చివర్న. ఈ రెండు మాటలకూ మధ్య ఒక్కోసారి ఏడాది గడిచిపోతుంది. సర్కారు వాడే ‘డ్రాపౌట్’ అన్న మాట ఆ రెండోదానికి సమానం. పిల్లాణ్ని వెనక్కి తెచ్చుకోవడం సాధ్యమయ్యేది మాత్రం ఆ మొదటి దశలోనే!

ఆ ఏడాది కాలం ఎలా గడుస్తుందో కూడా తోటి పిల్లలకు కొట్టినపిండి. మొదట పోయేది సోమవారం. ఆదివారం ఫంక్షన్‌హాల్లో వడ్డించడానికి పోయి అర్ధరాత్రి ఇల్లు చేరినవాడు సోమవారం పొద్దున్నే లేవలేడు. తర్వాత పెళ్లిళ్ల రోజులు. ఆపైన దసరా సెలవులు... బడి తెరిచాక నాలుగు రోజులు ఆలస్యం. వచ్చేసరికి లెక్కల్లో రెండు పాఠాలు అయిపోయి ఉంటాయి. స్లిప్ టెస్టు పెడితే సున్నా. ఆ కాగితం అందరి ముందూ తీసుకోవాలి. పదిహేనేళ్ల కుర్రాడికి అది మామూలు శిక్ష కాదు. పనికెళ్తే సాయంత్రానికి చేతిలో నోటు పడుతుంది. నాలుగు మంచి మాటలూ పడతాయి. బళ్లో ఆ రెండూ లేవు. సంక్రాంతి నాటికి తోటివాళ్లు అతని గురించి చెప్పడం మానేస్తారు. అప్పుడు... ‘బంద్ పెట్టిండు’.

పేదరికమే కారణమని పెద్దలు ఒక్క ముక్కలో తేల్చేస్తారు. పిల్లలు పేదరికాన్ని కాదనరు. కానీ అంతే పేదరికంలో ఉండి చదువుకుంటున్న వాళ్లు అదే బెంచీ మీద పక్కనే కూర్చుని ఉంటారాయె! కాబట్టి వాళ్ల లెక్క ఇంకోచోట మొదలవుతుంది... ‘వాడికి ఏం సమజ్ కాకపోయేది’ అన్న దగ్గర.

సర్వేలు ఊరి పక్క నుంచి పోతాయి

దేశంలో బళ్ల లెక్కలన్నీ ‘యూడైస్ ప్లస్’ అనే వ్యవస్థలో నమోదవుతాయి. ఒకప్పుడు బడికి ఇంతమంది అని మొత్తం అంకెలు పంపేవారు. నిరుడు ఎందరు, ఈ ఏడు ఎందరు... తేడా చూసి మానేసినవాళ్లను లెక్కగట్టేవారు. సర్కారు బడి వదిలి పక్కవీధి ప్రైవేటు బళ్లో చేరినవాడికీ, ఇటుకబట్టీకి పోయినవాడికీ తేడా తెలియడం కష్టంగా ఉండేది. 2022-23 నుంచి పద్ధతి మారింది. పిల్లాడి పేరుతో వివరాలు ఎక్కిస్తున్నారు. ప్రతి విద్యార్థికీ ఒక శాశ్వత సంఖ్య ఉంటుంది. ఎక్కడ చేరినా అది వెంట వస్తుంది.

ఈ లెక్కల ప్రకారం 2024-25లో దేశం మొత్తం మీద మూడు నుంచి ఐదో తరగతి మధ్య బడి మానేసినవాళ్లు 2.3 శాతం. ఆరు నుంచి ఎనిమిది మధ్య 3.5. తొమ్మిదో తరగతి నుంచి ఒక్కసారిగా 8.2! అంతకుముందు ఏడాది ఇది 10.9గా ఉంది. అంటే కొంత మెరుగే. కానీ ఆ మెట్టు దగ్గరి ఎత్తు మాత్రం అలాగే ఉంది. ఎనిమిది దాకా మెల్లగా నడిచిన లెక్క, తొమ్మిది దగ్గర ఎందుకు దూకుతోంది? దీనికి జవాబు ఏ పట్టికలోనూ ఉండదు.

పిల్లలకు చదవడం వచ్చా, భాగహారం వచ్చా అని ఇళ్లకు వెళ్లి చూసే ‘అసర్’ సర్వే ఉంది. 2005 నుంచి ‘ప్రథమ్’ సంస్థ చేస్తోంది. దాని మీద పెద్ద చర్చే జరుగుతుంది. కానీ అది గ్రామాల సర్వే. 2024 డిసెంబరు 4న కేంద్రం నిర్వహించిన ‘పరఖ్’ సర్వేలో మూడు, ఆరు, తొమ్మిది తరగతుల వాళ్లకు పరీక్ష పెట్టారు. అదేమో ఆరోజు బళ్లో ఉన్నవాళ్లకే. ఇక బస్తీ చదువుల మీద పరిశోధన అంటే హైదరాబాద్ వైపే చూస్తారు. ఊరూ కాక, మహానగరమూ కాక, నడిమధ్యన ఉన్న జనగామ లాంటి పట్టణంలో బడి మానేసిన కుర్రాణ్ని ‘ఏం నాయనా, ఎందుకు?’ అని అడిగే తీరిక ఎవరికుంది!

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అలా పిల్లల్నే అడిగిన అధ్యయనం ఒకటుంది. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో 2002లో మొదలైన ‘యంగ్ లైవ్స్’. ఇథియోపియా, పెరూ, వియత్నాంలతో పాటు మన దగ్గరా సుమారు మూడువేల మంది పిల్లల్ని ఎంచుకుని, ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ వాళ్ల దగ్గరికే వెళ్లారు. పాత కరీంనగర్ కూడా అందులో ఉంది. ఆ జిల్లా నుంచి విడివడిన కాటారం, మహదేవపూర్ మండలాలు తర్వాత భూపాలపల్లిలో కలిశాయి. ఆ అధ్యయనంలో తేలిన ఒక సంగతి మన కథకు పనికొస్తుంది. 1994-95లో పుట్టిన పిల్లల్లో ఏడెనిమిదేళ్ల వయసుకు ప్రైవేటు బళ్లో ఉన్నవాళ్లు 24 శాతం. 2001-02లో పుట్టినవాళ్లలో అదే వయసుకు 44 శాతం. ఏడేళ్ల తేడాలో ఇంత మార్పు!

అంటే సర్కారు బడి నుంచి పిల్లలు రెండు దారుల్లో వెళ్లిపోయారు. డబ్బున్నవాళ్లూ, అప్పు పుట్టినవాళ్లూ ఒక దారిన. ఏమీ లేనివాళ్లు ఇంకో దారిన. మొదటిదాని మీద శాసనసభలో ప్రశ్నలుంటాయి. రెండోది ‘వస్తలేడు’ దగ్గరే ఆగిపోతుంది.

మూడు ఊళ్లు... మూడు రకాల పిలుపులు

2016 అక్టోబరు 11న పాత వరంగల్ జిల్లా ముక్కలై ఈ మూడూ జిల్లా కేంద్రాలయ్యాయి. కలెక్టరేట్లు వచ్చాయి. స్థలాల ధరలు పెరిగాయి. ఊరంతా కట్టడాలే. కట్టడాలుంటే చేతులు కావాలి. పల్లెలో పిల్లల పని కాలాన్ని బట్టి ఉంటుంది. పత్తి ఏరడం, మిరప ఏరడం అయిపోతే మళ్లీ బడికి రావచ్చు. పట్టణంలో పనికి కాలం లేదు. మెకానిక్ షెడ్డు ఏడాది పొడవునా తెరిచే ఉంటుంది. పట్టణాల్లో చదువు బాగుంటుందని పల్లె నుంచి పిల్లల్ని తెచ్చుకుంటారు కానీ, బడి మానేయడానికి వీలు కూడా పట్టణంలోనే ఎక్కువని ఎవరికీ తట్టదు.

జనగామకు రైలే వరమూ, శాపమూ. కాజీపేట-సికింద్రాబాద్ దారిలో ఉంది. పొద్దున్నే రైలెక్కితే పనివేళకు నగరంలో ఉండొచ్చు. పెద్దవాళ్లు పోయినంత కాలం సరే. అన్న పోయిన దారిన తమ్ముడు పోవడమే చిక్కు. దసరా సెలవులకు మామ దగ్గరికని వెళ్లి అక్కడే ఏదో దుకాణంలో కుదురుకున్న పిల్లవాడు ఏ రికార్డులోనూ జనగామ దాటడు!

మహబూబాబాద్... పాతవాళ్లకు మానుకోట. ఇక్కడి సర్కారు బళ్లలో చదివే పిల్లల్లో చాలామందికి ఇంట్లో మాట్లాడే భాష తెలుగు కాదు. లంబాడీ పిల్లాడు గోర్‌బోలీతో బడికొస్తాడు. ఒకటో తరగతిలో తెలుగు కొత్త. అది వంటబట్టేలోపు ఇంగ్లిషు. మూడు భాషల బరువు ఆరేళ్లవాడి నెత్తిన! పైగా ఈ ప్రాంతమంతా మిర్చి. కాయ ఏరడం జనవరిలో మొదలై ఎండలు ముదిరేదాకా సాగుతుంది. సరిగ్గా పదో తరగతి పరీక్షలూ అప్పుడే. పరీక్షల కాలపట్టిక వేసేవాళ్లకు మిరప చేను ఎప్పుడు పండుతుందో తెలియదేమో మరి.

భూపాలపల్లిది నల్లబంగారం కథ. కాకతీయ ఖనులు, చెల్పూరు దగ్గర థర్మల్ కేంద్రం. సింగరేణిలో పర్మినెంటు ఉద్యోగికి క్వార్టరుంది, ఆస్పత్రి ఉంది, పిల్లల చదువుకు దారులున్నాయి. కాంట్రాక్టు కార్మికుడికి అవేవీ లేవు. రెండు ఇళ్ల పిల్లలూ ఒకే రోడ్డు మీద ఆడుకుంటారు. ఒకడు పొద్దున్నే బస్సెక్కుతాడు, ఇంకొకడు సర్కారు బడికి నడిచి వెళ్తాడు. చదువు మీద నమ్మకం ఉండాలంటే చదివినవాడికి ఏం దొరికిందో కళ్లముందు కనపడాలి. డిగ్రీ చదివిన అన్న గని దగ్గర కాంట్రాక్టు పనికే పోతుంటే తమ్ముడికి పాఠం మీద బుద్ధి ఎలా నిలుస్తుంది?

పద్నాలుగో పుట్టినరోజు

తొమ్మిదో తరగతి దగ్గర లెక్క ఎందుకు దూకుతోందన్నదానికి చట్టాల పుస్తకంలో ఒక కారణం దొరుకుతుంది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ఆరేళ్ల నుంచి పద్నాలుగేళ్ల దాకా వర్తిస్తుంది. అంటే ఎనిమిదో తరగతి దాకా. బాలకార్మిక నిషేధ చట్టానికి 2016లో సవరణ వచ్చింది. పద్నాలుగేళ్ల లోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టుకోకూడదు... బడి వేళల తర్వాత సొంత కుటుంబ పనుల్లో సాయం తప్ప. పద్నాలుగు నుంచి పద్దెనిమిది మధ్యవాళ్లకు నిషేధం ప్రమాదకరమైన పనుల వరకే. భూపాలపల్లి కుర్రాణ్ని గనిలో దించకూడదు. గని బయట టీ కొట్లో గ్లాసులు కడిగించొచ్చు!

ఒకే పుట్టినరోజున ఒక తలుపు మూసుకుంటుంది, ఇంకో తలుపు తెరుచుకుంటుంది. కేంద్రం మధ్యాహ్న భోజన పథకం కింద ఇచ్చే సొమ్ము కూడా ఎనిమిదో తరగతి వరకే. తొమ్మిది, పది తరగతులకు రాష్ట్రమే సొంతంగా భరించి పెడుతోంది. లేకపోతే అన్నం కూడా ఆ మెట్టు దగ్గరే ఆగిపోయేది. 2015 జనవరి నుంచి తెలంగాణ బళ్లలో సన్నబియ్యం వండుతున్నారు. అన్నం బాగోలేదన్న ఫిర్యాదు దాంతో కొంత తగ్గింది. కూరలో నీళ్ల సంగతి వేరే కథ.

‘మంచిగ చెప్తరు’ అంటే?

అధికారుల దృష్టిలో నాణ్యత అంటే భవనాలు, బోర్డులు, శాతాలు. 2022 మార్చిలో ‘మన ఊరు - మన బడి’ పేరుతో 26 వేలకు పైగా బళ్లను మూడు విడతల్లో బాగుచేయాలని 7,289 కోట్ల రూపాయలతో పెద్ద పథకమే వేశారు. తర్వాత ప్రభుత్వం మారి, 2024లో ‘అమ్మ ఆదర్శ పాఠశాల’ కమిటీలు వచ్చాయి. పనులు జరిగినచోట జరిగాయి. పిల్లలు వాటిని తీసిపారేయరు. మూత్రశాలలో నీళ్లు వస్తే ఆడపిల్లలకు అది నాణ్యతే. నెలలో నాలుగు రోజులు బడి మానక్కర్లేదు. కట్టిన మూత్రశాలను కడిగేదెవరన్న ప్రశ్న మాత్రం ఏళ్ల తరబడి గాలిలో ఉండిపోయింది. చివరికి 2024లో బడిలోని పిల్లల సంఖ్యను బట్టి నెలకు 3 వేల నుంచి 20 వేల రూపాయల దాకా పారిశుద్ధ్యానికి ఇవ్వాలని సర్కారు నిర్ణయించింది.

పిల్లలు నాణ్యతను కొలిచే కొలబద్ద ఇంకోటుంది. ‘మంచిగ చెప్తరు’. ఈ రెండు మాటల్లో చాలా ఉంది. సారు రోజూ వస్తారు. పుస్తకం చూసి చదవరు, బోర్డు మీద చేసి చూపిస్తారు. మళ్లీ అడిగితే విసుక్కోరు. పేరు పెట్టి పిలుస్తారు. నిన్న ఎందుకు రాలేదని అడుగుతారు, అడిగి జవాబు వినేదాకా ఆగుతారు. ఈ చివరిది చాలామందికి ఆఖరి ఆసరా. రెండు రోజులు రాకపోతే ఎవరో ఒకరు తన కోసం చూస్తారన్న భరోసా ఉన్న పిల్లాడు అంత తేలిగ్గా పనిలో కుదరడు.

అలాంటి సారు లేకపోతే? ఉన్నా లెక్కలు చెప్పే సారే సైన్సూ చెప్పాల్సి వస్తే? సబ్జెక్టుకు సారు లేని ఏడాదిని పిల్లలు ఖాళీ పీరియడ్లలో లెక్కపెడతారు. కొరత తీర్చేందుకు ఒకప్పుడు విద్యావాలంటీర్లుండేవారు. కరోనా తర్వాత వాళ్లను కొనసాగించలేదు. 2024లో 11,062 పోస్టులకు డీఎస్సీ జరిగి, అక్టోబరులో కొత్త ఉపాధ్యాయులు బళ్లకు చేరారు. కానీ మధ్యలో పోయిన ఏళ్లు ఎవరివి? ఇక్కడే మళ్లీ ఆ 2025 పదో తరగతి బ్యాచి దగ్గరికి రావాలి.

వాళ్ల చదువును వెనక్కి తిప్పి చూడండి. 2020 మార్చిలో బళ్లు మూతపడేనాటికి ఐదో తరగతిలో ఉన్నారు. ఆరో తరగతి టీవీలో సాగింది. ఇంట్లో ఫోనుంటే ఫోనులో. 2021 ఫిబ్రవరి చివర్లో బడి తెరిస్తే నెల తిరక్కుండానే మార్చి 24న మళ్లీ మూసేశారు. ఏడో తరగతి సెప్టెంబరులో మొదలైంది. ఎనిమిదికి రాగానే... 2022-23లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఒక్కసారిగా ఇంగ్లిషు మీడియం! భిన్నాల కూడిక తెలుగులోనే సరిగా రాని పిల్లవాడు ఎనిమిదో తరగతి బీజగణితాన్ని ఇంగ్లిషులో వినాలి. ఆ మరుసటి ఏడు తొమ్మిది. పద్నాలుగేళ్లు. తెరుచుకున్న ఆ రెండో తలుపు!

ఇంగ్లిషు మీడియం మీద పిల్లల అభిప్రాయాన్ని ఒక్క మాటలో తేల్చలేం. అది వద్దనేవాళ్లు తక్కువే. ప్రైవేటు బడి పిల్లల ముందు తలెత్తుకు తిరగొచ్చన్న ఆశ ఉంది. ఒక పేజీ తెలుగు, పక్క పేజీ ఇంగ్లిషుగా అచ్చేసిన పాఠ్యపుస్తకాలు వచ్చాయి. అది పిల్లలకు నిజంగా పనికొచ్చిన పని. ఇంగ్లిషులో అర్థంకాని వాక్యం పక్కనే తెలుగులో దొరుకుతుంది. చిక్కల్లా తెలుగు పేజీ కూడా తడుముకుంటూ చదివేవాడితోనే. అతనికి రెండు పేజీలూ ఒకటే.

ఇంత వెనకబాటు ఉందని ప్రభుత్వానికి తెలియదనుకోవడం పొరపాటు. అందుకేగా 2022లో ప్రాథమిక తరగతులకు ‘తొలిమెట్టు’, మరుసటి ఏడు హైస్కూలు పిల్లలకు ‘ఉన్నతి’ పెట్టింది! చదవడం, రాయడం, చతుర్విధ ప్రక్రియలు మళ్లీ మొదటి నుంచి నేర్పించాలన్నది ఆలోచన. మంచిదే. కానీ తొమ్మిదో తరగతి వాడిని రెండో తరగతి పాఠం చదవమంటే తోటివాళ్లు నవ్వుతారు. ఆ నవ్వుకు మందు ఏ పథకంలోనూ రాసి ఉండదు. అది ఆ గదిలో ఉన్న సారు చేతిలోనే ఉంటుంది.

పదో తరగతిలో ఇంకో ఏర్పాటుంటుంది. పిల్లల్ని ఏ, బీ, సీ గుంపులుగా విడదీయడం. సీ గుంపుకు ముఖ్యమైన ప్రశ్నలు ఏరి ఇచ్చి, బట్టీ పట్టించి 35 మార్కులు తెప్పిస్తారు. దీన్ని ఎగతాళి చేయడం తేలిక. కానీ ఆ 35 మార్కులే ఒక లంబాడీ అమ్మాయిని ఇంటర్‌కు తీసుకెళ్లి, పెళ్లిని రెండేళ్లు వాయిదా వేయిస్తాయి. అందుకే ఆ శ్రమను తక్కువ చేయలేం. చేయాల్సిన ప్రశ్న వేరు... ఈ శ్రద్ధలో సగం ఏడో తరగతిలో దొరికి ఉంటే సీ గుంపు అంత పెద్దదయ్యేదా?

మిగిలినవాళ్ల బడి

తెలంగాణ వచ్చాక గురుకులాలు విపరీతంగా పెరిగాయి. నాలుగో తరగతి అయ్యేసరికి చురుకైన పిల్లలు ప్రవేశ పరీక్ష రాసి ఐదులో అక్కడ చేరిపోతారు. వాళ్ల మటుకు వాళ్లకు అది బంగారు బాట. అడవి అంచు గూడెం నుంచి వెళ్లి డాక్టర్లయినవాళ్లున్నారు. అయితే పట్టణంలోని మామూలు సర్కారు బడికి మిగిలేదెవరు? గురుకులంలో సీటు రానివాళ్లు, ప్రైవేటు ఫీజు కట్టలేనివాళ్లు, పల్లె నుంచి ఈమధ్యే వచ్చినవాళ్లు, ఇంట్లో చంటిపిల్లను చూసుకునే అక్కలు. తాము అలా మిగిలిపోయామన్న సంగతి ఆ పిల్లలకు బాగా తెలుసు. ‘మంచిగ చదివేటోళ్లంత గురుకులంల ఉన్నరు’ అన్నది వాళ్ల నోట తేలిగ్గా దొర్లే మాట. విన్నవాళ్లకే గుండె కలుక్కుమంటుంది.

ప్రైవేటులో అయితే చదువు వచ్చేస్తుందా? ఉమ్మడి రాష్ట్రంలో 2008 నుంచి ఆర్థికవేత్త కార్తీక్ మురళీధరన్ బృందం ఒక ప్రయోగం చేసింది. ఐదు జిల్లాల్లోని 180 గ్రామాల్లో లాటరీ తీసి కొందరు పిల్లలకు ప్రైవేటు బడి ఫీజు కట్టారు. నాలుగేళ్ల తర్వాత చూస్తే తెలుగులో, లెక్కల్లో సర్కారు బడి పిల్లలకూ వాళ్లకూ తేడా లేదు. హిందీ మాత్రం బాగా వచ్చింది. ప్రైవేటు బడికి అయ్యే ఖర్చు సర్కారు బడి ఖర్చులో మూడో వంతు కూడా లేదు. ఈ రెండు వాక్యాల్నీ ఎవరికి కావలసినట్టు వాళ్లు చదువుకున్నారు. తల్లిదండ్రులు చూసేది ఇంకోటి... ప్రైవేటు బళ్లో పిల్లాడు రాకపోతే ఆ సాయంత్రమే ఫోను వస్తుంది.

ఆడపిల్లల సంగతి కొంత మెరుగు. కస్తూర్బా విద్యాలయాలు బడి మానేసినవాళ్ల కోసమే పుట్టాయి. కల్యాణలక్ష్మి సొమ్ము కావాలంటే అమ్మాయికి పద్దెనిమిదేళ్లు నిండాలన్న నిబంధన కొన్ని పెళ్లిళ్లనైనా ఆపింది. మగపిల్లలకు అలాంటి తాడేదీ లేదు. పని దొరికిందంటే తెంపుకుపోతారు.

అడిగినవాళ్లున్నారు

‘బళ్లో లేని ప్రతి పిల్లా, పిల్లాడూ బాలకార్మికులే’ అన్న సూత్రం పట్టుకుని తొంభైల మొదట్లో రంగారెడ్డి జిల్లాలో మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్ పని మొదలుపెట్టింది. పేదలు పిల్లల్ని పనికే పంపుతారన్న మాటను శాంతా సిన్హా ఒప్పుకోలేదు. పంపడానికి సిద్ధంగా ఉన్నవాళ్లకు బడే అడ్డుపడుతోందన్నారు... సర్టిఫికెట్ల పేరుతో, వయసు పేరుతో, వెక్కిరింపులతో. పని మానిపించిన పిల్లల్ని శిబిరాల్లో కొన్ని నెలలు చదివించి, వాళ్ల వయసుకు తగ్గ తరగతిలో కూర్చోబెట్టారు. ఆమెకు 2003లో రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది. 2007లో జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు తొలి అధ్యక్షురాలయ్యారు.

భూపాలపల్లి జిల్లాకు మొదటి కలెక్టరుగా వచ్చిన ఆకునూరి మురళి సర్కారు బడి, సర్కారు ఆస్పత్రి అంటూ ఊరూరా తిరిగినవారే. 2024 సెప్టెంబరులో ఏర్పాటైన తెలంగాణ విద్యా కమిషన్‌కు ఆయన్నే ఛైర్మన్‌గా నియమించారు. రాష్ట్రంలోని పిల్లల చదువు గురించి చెప్పే కుర్చీలో, ఈ మూడు ఊళ్ల గాలి పీల్చినవారు కూర్చున్నారన్నమాట. సిఫార్సులు చేయడం కమిషన్ పని. వాటికి డబ్బు పెట్టాల్సింది సర్కారు.

ఏటా జూన్‌లో ‘ఆచార్య జయశంకర్ బడిబాట’ పేరుతో ఉపాధ్యాయులు ఇల్లిల్లూ తిరుగుతారు. ఎండలో పాపం బాగానే కష్టపడతారు. ఎక్కువగా వెతికేది మాత్రం కొత్తగా ఒకటో తరగతిలో చేరే పిల్లల కోసం, ప్రైవేటు నుంచి వెనక్కి రప్పించాల్సిన పిల్లల కోసం. వాళ్లు తలుపు తట్టే వేళకు కూలీ అడ్డాకు పోయిన తల్లిదండ్రులు ఇంట్లో ఉండరు. జనవరిలో ‘ఆపరేషన్ స్మైల్’, జూలైలో ‘ముస్కాన్’ పేరుతో పోలీసులు దుకాణాలు, బట్టీలు వెతికి పిల్లల్ని పట్టుకొస్తారు. ఫొటోలు పేపర్లో వస్తాయి. పోయిన పాఠాలు తిరిగి చెప్పేదెవరో తేలకపోతే, పట్టుకొచ్చిన పిల్లాడు మళ్లీ అదే వెనక బెంచీ మీద, అదే అర్థంకాని పాఠం ముందు కూర్చోవాలి.

వయసు దాటిపోయినవాళ్లకు ఓపెన్ స్కూల్ ఉంది. పద్నాలుగేళ్లు నిండితే చాలు, బడికి వెళ్లకుండానే పదో తరగతి రాయొచ్చు. ఏడాదికి రెండుసార్లు పరీక్షలుంటాయి. ఆ సంగతి బడి మానేసిన పిల్లలకు చెప్పేదెవరు? నోటీసు అంటించేది బడి గోడకే కదా! ఇప్పటికైతే ఆ కబురు మోసుకెళ్లేది పాత బెంచీ నేస్తాలే. సాయంత్రం స్పెషల్ క్లాసు అయ్యాక, సంచి భుజాన వేసుకుని మెకానిక్ షెడ్డు దగ్గర ఆగుతారు. లోపల గ్రీజు చేతులతో ఉన్నవాడు నవ్వుతాడు. ‘లెక్కల సారు కొత్తగ వచ్చిండురా, మంచిగ చెప్తుండు’ అంటారు వీళ్లు. హాజరు పట్టీలో నీ పేరు ఇంకా ఉందని కూడా చెప్తారు.